మేనాకు నాలుగు నిమ్మకాయలు

ఆ రోజుల్లో మా ఇంట్లో దసరా పొద్దున ఎవరి పని ఏమిటో ఏటా ఒకేలా ఉండేది. బాపు స్కూటర్ కడగాలి, అమ్మ సకినాల డబ్బా దాచాలి, నాయనమ్మ వాకిట్లో కూర్చుని అందరినీ తిట్టాలి, నేను తలంటు పోసుకోవాలి. ఇంత కట్టుదిట్టంగా నడిచే రోజున కొత్త ఆపద రావడానికి సందు ఎక్కడుంటుందని నేను నిశ్చింతగా ఉండేదాన్ని. డిగ్రీ ఆఖరి సంవత్సరం దసరా పొద్దున నెత్తి నిండా కుంకుడు నురగ పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని స్నానాల గదిలో ఉన్నాను. వాకిట్లోంచి నిమ్మకాయ వాసన గుప్పున వచ్చింది. బాపు స్కూటర్ చక్రాల కింది నిమ్మకాయలు చితికాయి, పూజ అయిపోయిందన్న మాట అనుకున్నాను. అప్పుడు నాయనమ్మ గొంతు వినిపించింది. "ఇంకో నాలుగు నిమ్మకాయలు తేవే కోడలా, ఇంకొక బండి ఉన్నది."

మా ఇంట్లో ఉన్నది ఒకటే బండి. పైగా స్కూటర్‌కు రెండు నిమ్మకాయలు చాలు. నాలుగు అడుగుతున్నదంటే నాలుగు చక్రాలది. నాలుగు చక్రాలది మా ఇంట్లో ఒకే ఒకటి ఉంది, అది నా గదిలో బల్ల మీద పాత పేపరు పరుచుకుని, రంగు ఆరబెట్టుకుంటూ, జానెడు పొడవున నిలబడి ఉంది. కుంకుడు రసం కంట్లో పడినా మండని క్షణం నా జీవితంలో అదొక్కటే.

ఆ జానెడు కారు కథ చెప్పకపోతే నా మంట మీకు అర్థం కాదు. మా అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాత, నెక్కొండలో ఒక మిల్లు సేటు దగ్గర డ్రైవరు. సేటు కారు విదేశీ రకం, మూడు చేతులు మారి వచ్చింది. దాని పేరు తాత మూడు రకాలుగా పలికేవాడు, మూడూ తప్పేనని తర్వాత తెలిసింది. పల్లకీలా పైకి లేచి, పక్కలకు వంపు తిరిగి ఉంటుందని ఊరంతా దాన్ని మేనా అనేవారట. అలాంటివి అసలు చేసినవే కొన్నేనట, చేసిన కంపెనీ కూడా ఎప్పుడో మూతపడింది. సేటు పోయాక కొడుకులు మేనాను మరిపెడ దగ్గర పాత ఇనుప సామానుకు ఇచ్చేశారు. మిగిలింది ఒక ఫోటో. అది కూడా సేటు కూతురి పెళ్లి ఫోటో. అందులో సగం కారు, తాత మోచేయి ఉంటాయి. (మోచేయి చాలా స్పష్టంగా వచ్చింది.)

నేను డిగ్రీలో ఉండగా తాతకు కంటిచూపు పోవడం మొదలైంది. దవాఖానలో నరం ఎండిపోయింది, ఇక రాదన్నారు. వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించేది కాదు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు మంచం మీద కూర్చుని, ఎవరితో అన్నట్టు కాకుండా, మేనా మీద ఒక్కసారి చెయ్యి పెడితే చాలు, కండ్లతోటి పనిలేదు అన్నాడు. అందరూ పాపం అన్నారు. నేను మాత్రం తెస్తానన్నాను. ఎలా తెస్తానో నాకు తెలియదు. ఆ వయసులో అది అడ్డం కాదు.

ప్లాస్టిక్ ముక్కలు విడివిడిగా పెట్టెలో వస్తాయని, వాటిని అతికించి, రంగులు వేసి, అచ్చం అసలు కారులాగే చిన్న నమూనా కట్టవచ్చని కాలేజీ లైబ్రరీ కంప్యూటర్‌లో చదివాను. ఇక వేట మొదలుపెట్టాను. హనుమకొండ చౌరస్తాలో బొమ్మల షాపతను నేను చెప్పిందంతా ఓపికగా విని, రిమోట్ కారు చూపించి, లైట్లు కూడా వస్తయి మేడం అన్నాడు. హైదరాబాద్‌లో పెద్ద షాపులో యుద్ధవిమానాలు ఉన్నాయి, ట్యాంకులు ఉన్నాయి, నిన్న మొన్నటి రేసు కార్లు ఉన్నాయి. పాత కార్లు అడిగితే అందరికీ తెలిసిన రెండు మూడు రకాలు చూపించారు. నేను ఫోటో జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాను. కౌంటర్ దగ్గరి పెద్దమనిషి మోచేతి వైపు చాలాసేపు చూసి, ఇలాంటిది ఎవరూ కొనరు, కొనరు కాబట్టి ఎవరూ చేయరు అన్నాడు. నేను కొంటాను కదా అంటే, ఒక్కరి కోసం అచ్చు పోయరమ్మా, అయినా ఆడపిల్లవు, నీకెందుకు ఇది అన్నాడు. ఆ చివరి ముక్క అనకపోయి ఉంటే నేను అక్కడితో ఆగిపోయేదాన్నేమో. ఆయనకు ఈ రోజుకూ రుణపడి ఉన్నాను.

ఇంటర్నెట్‌లో ఇలాంటి నమూనాల పిచ్చి ఉన్నవాళ్ల గుంపు ఒకటి దొరికింది. ఫోటో చూసి కారును గుర్తుపట్టి, మేనా కిట్టు ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క విడత చేశారని, తర్వాత అచ్చు పగిలిపోయిందని వాళ్లు చెప్పారు. ఉన్నవాళ్లు పెట్టె కూడా తెరవకుండా దాచుకుంటారట. ఎనిమిది నెలలు అడిగినవాళ్లనే మళ్లీ అడిగాను. చివరికి దక్షిణాదిలోనే ఒక ఊరి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తన దగ్గర ఒకటి ఉందన్నారు. ఇరవై ఏళ్లుగా ఉందట. తెరిస్తే ఏ ముక్క పాడవుతుందోనన్న భయంతో ఒక్క రోజూ తెరవలేదట. తాత కళ్ల సంగతి, మోచేతి సంగతి రాస్తే, వారం రోజులు జవాబు లేదు. తర్వాత పార్సిల్ వచ్చింది. లోపల ఒక చీటీ. "దీన్ని నువ్వు కట్టాలి. అద్దాల వెనక పెట్టి చూసుకోవడం నేను చేశాను, అది నీకు వద్దు." అంతే. ఆయన పెట్టిన షరతు అదొక్కటే.

ఇక మా ఇంట్లో పోరు మొదలైంది. బాపుకు పరీక్షల బెంగ. అమ్మకు జిగురు వాసనతో తలనొప్పి. నాయనమ్మకు మాత్రం నేనే కాలక్షేపం. ఇంటికి ఎవరు వచ్చినా కూర్చోబెట్టి, మా పోరి కారు కొన్నది, రా చూద్దువు గాని, జర వంగి చూడాలె అనేది. పెండ్లీడుకొచ్చిన పోరి బొమ్మలు అతుకుతాంది అని వీధి వీధంతా చాటింది. నేను పట్టువదలని దాన్ని. ఆమె బొమ్మ అన్నప్పుడల్లా, బొమ్మ కాదు నాయినమ్మా, బండి అనేదాన్ని. బండైతే పెట్రోలేదే అనేది. అసలు దాంట్ల కూడా పెట్రోలు ఉండేది కాదట, సేటు పోయించేటోడు కాదట అనేదాన్ని. బండి, బొమ్మ, బండి, బొమ్మ అని ఇద్దరం అన్నం ముందు కూర్చుని కూడా వాదించుకునేవాళ్లం. ఒకసారి బాపు విసిగిపోయి పళ్లెం తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. నాకు ఇరవై ఏళ్లు, ఆమెకు డెబ్బై దాటాయి. ఇద్దరిలో ఎవరు పెద్దో చెప్పడం కష్టం.

కిట్టులో నూటికి పైగా ముక్కలు. నాలుగు చక్రాలు, ఐదోది లేదు. తలుపు పిడి వడ్లగింజంత. అది ఒకసారి ఎగిరి పడితే బల్ల కింద చేతులూ మోకాళ్ల మీద రెండు రోజులు వెతికాను, చివరికి నా జడలో దొరికింది. రంగు తాత చెప్పిన మీగడ తెలుపు. మీగడ ఏ పూటదో చెప్పమంటే, పొద్దుటి పాల మీదిది, రాత్రిది కాదు అన్నాడు. అలా మూడుసార్లు వేసి, గీకి, మళ్లీ వేశాను. దసరా సాయంత్రం జమ్మి ఆకు పెట్టడానికి తాతను మామయ్య రైల్లో తీసుకొస్తానన్నాడు. అప్పటికే తాత ప్రయాణాలు మానేశాడు. ఈ ఒక్కసారి వస్తానన్నాడంటే అది మేనా కోసమే. ఆఖరి పొర రంగు దసరా ముందు రోజు వేసి, ఆరబెట్టి, నిశ్చింతగా కుంకుడుకాయలు నానబెట్టుకున్నాను.

ఇక్కడ మళ్లీ స్నానాల గదికి వద్దాం. ఒంటికి చీర చుట్టుకుని, నురగ కారుతున్న తలతో వాకిట్లోకి పరుగెత్తాను. బాపు స్కూటర్ పక్కన, అమ్మ కుట్టుమిషన్ తర్వాత, వరుసలో మూడోదిగా పీట మీద మేనా ఉంది. మీగడ తెలుపు బానెట్ మీద పసుపు, పసుపు మీద కుంకుమ, అద్దానికి గంధం, పైన టాపును పూర్తిగా కప్పేస్తూ ఒక బంతిపువ్వు. ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ. నిమ్మకాయలు చక్రాల కంటే పెద్దవి. బండి నాలుగు నిమ్మకాయల మీద గాలిలో తేలుతూ ఉంది. ఆనవాయితీ ప్రకారం బండి ముందుకు కదిలి వాటిని చితకదొక్కాలి. అది కదలదు. నాయనమ్మ అరచెయ్యి దాని వెనక ఆనించింది. నేను "వద్దు" అనేలోపు, పొలం పనులు చేసిన ఆ చెయ్యి ఒక్కసారి నూకింది.

నిమ్మకాయలు నాలుగూ క్షేమంగా ఉన్నాయి. మేనా ముందు ఎడమ చక్రం మూడు ముక్కలైంది. ఇరుసు వంగింది. బంతిపువ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏం చేసినవ్ నాయినమ్మా?"

"పూజ చేసిన." ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఏడాది సంది బండి, బండి అని నా చెవులు కొరుకుతివి. ఇంట్ల బండి ఉండంగ దసరా నాడు పూజ చెయ్యకుంటె ఎట్లనే? బొమ్మయితే ముట్టకపోదును."

ఏడాది పాటు ఆమె చేత ఒప్పించాలని చూసిన మాటను ఆమె ఒప్పుకుంది, ఒప్పుకుని, దాని మీదే కుంకుమ పెట్టి నూకింది. నన్ను నమ్మినందుకు తిట్టడం ఎలా? ఏడవాలనిపించింది. కానీ అప్పటికే రెండు కళ్లలోనూ కుంకుడు రసం ఉండడం వల్ల, అది ఏడుపో కాదో నాకే తేలలేదు. నాయనమ్మ కిందకు వంగి చక్రం ముక్కలు ఏరుతూ, చిన్న గొంతుతో, ఇది మళ్ల దొరుకుతదా అంది. దొరకదు అన్నాను. దునియల ఎక్కడ్నా? ఎక్కడా. అప్పుడు ఆమె నాకంటే ముందు ఏడ్చింది. దాంతో నాకు మొండితనం వచ్చింది. సాయంత్రం ఐదింటికి తాత వస్తాడు, అప్పటికి మేనా నాలుగు చక్రాల మీద నిలబడుతుంది అని వాకిట్లో, నురగతో, అందరి ముందూ ప్రకటించాను. (తల కడుక్కోమని అమ్మ ప్రకటించింది.)

దసరా నాడు మా సుబేదారిలో షాపులన్నీ బంద్. పక్కింట్లో నర్సు ఆంటీ ఉండేది. చర్చికి వెళ్లేవాళ్లు కాబట్టి వాళ్లింట్లో ఆ రోజు సెలవు తప్ప పండగ హడావిడి లేదు. నేను విరిగిన చక్రం పట్టుకుని గడపలో నిలబడితే, ఇంత గుండ్రంగా, ఇంత మందంగా, నల్లగా, రబ్బరుది కావాలి అంతే కదా అని, లోపలికి వెళ్లి ఇంజెక్షన్ మందు సీసాల మూతలు గుప్పెడు తెచ్చింది. డ్యూటీ నుంచి ఖాళీ సీసాలు తెచ్చుకుని వాళ్ల పిల్లలకు అందులో రంగులు కలిపి ఇచ్చేదట. మూతలను గిన్నెలో వేసి బాగా మరిగించి ఇచ్చింది. బాపు పాత గొడుగు విప్పి ఒక కడ్డీ విరిచి, ఇరుసుకు సరిపోతదా చూడు అన్నాడు. పరీక్షల మాట ఎత్తలేదు. చక్రం నడుమ ఉండే మెరుపు బిళ్లకు అమ్మ జాకెట్టు ప్రెస్ బటన్ సరిపోయింది. నాయనమ్మ నా పక్కన కూర్చుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ, సూదిమొనతో బానెట్ సందుల్లో పసుపు తీసింది. అంతా పోలేదు. మీగడ రంగు కాస్తా ఆవు నెయ్యి రంగుకు దిగింది. నాలుగో చక్రం మిగతా మూడింటి కంటే లావు, కొంచెం చిన్నది. బండి ఆ మూలకు వంగి, ఎవరికో దండం పెడుతున్నట్టు నిలబడింది.

తాత వచ్చాడు. మామయ్య చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు దండం పెట్టాను. తర్వాత మేనాను ఆయన ఒడిలో పెట్టాను. రెండు చేతులూ ముందు అట్లాగే ఆగాయి. ఆ తర్వాత కుడి చూపుడువేలు బానెట్ మీదికి వచ్చింది, దీపాల చుట్టూ తిరిగింది, కాలు పెట్టే పట్టీ మీద నడిచింది, తలుపు పిడి దగ్గర ఆగి దాన్ని గోటితో పైకి ఎత్తబోయింది. నవ్వాడు. నేను ఊపిరి వదలబోయేలోపు ఆ వేలు చక్రాల దగ్గరికి దిగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని మీద ఆగింది. మళ్లీ మూడోదానికి పోయి, మళ్లీ నాలుగోదానికి వచ్చింది.

"ఇదేంది, వేరే తీరుగున్నది?"

నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ ముందుకొచ్చింది. "నేనే ఇరగ్గొట్టిన అన్నా. నిమ్మకాయ పెట్టి నూకిన. పోరి తప్పేం లేదు. అది ఏడ దొరకదట."

తాత కాసేపు ఆ రబ్బరు మూతను బొటనవేలితో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత ఆయన పొట్ట కదలడం కనిపించింది, నవ్వు ఇంకా బయటికి రాలేదు.

"మేనాకు నాలుగు చక్రాలు ఒక్క తీరు ఎన్నడున్నయ్ చెల్లె? దాని టైరు యాడ దొరక్కపాయె. కుడి దిక్కు ఎనుక జీపు టైరు ఎక్కిచ్చి ఆరేండ్లు నడిపిన. సేటు ఒక దిక్కుకు ఒరిగి కూసునేటోడు, దర్జా అనుకున్నరు జనం." అని నా వైపు, అంటే నా గొంతు ఉంటుందనుకున్న వైపు, తిరిగాడు. "నువ్వు ముంగటిది మార్చినవ్, నేను ఎనుకది. గంతే తేడా. దొరకకుంటె బండి ఆపుతమా బిడ్డా?"

ఆ రాత్రి రైలు వేళ దాకా తాత మేనాను ఒడిలోంచి దించలేదు. వెళ్లేటప్పుడు మాత్రం నాకే ఇచ్చేశాడు. గ్యారేజీ నీ దగ్గరున్నది కదా అన్నాడు. నాయనమ్మ మర్నాటి నుంచి ఇంటికొచ్చిన వాళ్లతో, మా పోరి కారు కట్టింది, పూజ నేనే చేసిన అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. వంగి చూడమనడం మాత్రం మానలేదు.

ఇప్పుడు తాతా లేడు, నాయనమ్మా లేదు. మేనా మా హాల్లో అద్దాల బీరువాలో ఉంది. తాళం చెవి నా పర్సులో ఉంటుంది, రెండో తాళం చెవి మా ఆయనకు కూడా తెలియని చోట ఉంటుంది. (నిజం చెప్పాలంటే, నాకూ ఇప్పుడు తెలియదు.) నేను అలాంటి అమ్మనయ్యాను. బల్లల మూలలకు స్పాంజి అతికించాను. నీళ్లు రెండుసార్లు మరిగిస్తాను. పిల్లలు మెట్లు దిగుతుంటే నా పెదవులు వాళ్లతో పాటు లెక్కపెడతాయి. నర్సు ఆంటీ ఇచ్చిన మూతల్లో మిగిలినవి ఒక డబ్బాలో ఉన్నాయి. అవి చాలవేమోనని పన్నెండేళ్లుగా, ఎక్కడ ఇంజెక్షన్ చేయించుకున్నా సిగ్గు విడిచి మూత అడిగి తెచ్చుకుంటున్నాను. కాన్పు అయిన రోజు కూడా అడిగానని మా ఆయన అందరికీ చెబుతాడు. అది అబద్ధం. మర్నాడు అడిగాను.

రేపు దసరా. సాయంత్రం మా చిన్నోడు, ఐదేళ్లవాడు, నిమ్మకాయల లెక్క వేశాడు. డాడీ బండికి రెండు, మమ్మీ స్కూటీకి రెండు, అక్క సైకిల్‌కు రెండు. వాళ్లక్క బీరువా వైపు చూపించి, దానికి నాలుగు అంది. నేను పప్పు కలుపుతూ, తల కూడా ఎత్తకుండా, అది బొమ్మరా, ముట్టుకోవద్దు అన్నాను.

అన్నాక చెయ్యి ఆగింది. ఒక ముసలామెతో ఏడాది కొట్లాడి గెలిచిన మాటను, నా వంటింట్లో నేనే పోగొట్టుకున్నాను. ఇరవై ఏళ్లు పెట్టె తెరవని ఆ మాస్టారి చీటీ ఇంకా బీరువాలోనే, మేనా కిందే ఉంది. పెట్టొద్దన్న చోటే పెట్టి, దాని మీదే తాళం వేశాను. పిల్లలు పడుకున్నాక నవ్వాలో సిగ్గుపడాలో తేల్చుకోలేక ఇది రాయడం మొదలుపెట్టాను. నురగ తలతో వాకిట్లో నిలబడి లోకాన్ని సవాలు చేసిన ఆ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఏమంటుందో నాకు బాగా తెలుసు. ఆమె నోరు నాయనమ్మ నోరే. భయం పోతుందని అనుకోను. పదింటికి ఒకసారి లేచి, బీరువా తాళం వేసి ఉందో లేదో చూసి కూడా వచ్చాను. అయినా సరే.

నిన్న రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపాను. పొద్దున పిల్లలిద్దరినీ పిలిచి బీరువా తెరిచాను. చిన్నోడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు, నేను నేర్పించిందే. మేనాను వాళ్లక్క చేతిలో, మూతల డబ్బాను వాడి చేతిలో పెట్టి చెప్పాను.

"నిమ్మకాయలు ఆరు కాదు, పది తెండ్రి. దీనికి నాలుగు. ఇది బండి. చక్రం ఇరిగితె ఇరగనీ, మూతలు మస్తుగున్నయ్."